బాధ్యుల గడిలో మా కోడలు రాసిన మాట

మా కోడలు ఒక కాగితం మీద 'తెలియదు' అని రాసింది. ఆ ఒక్క మాటతో తన ఉద్యోగం మీదికి వచ్చింది. తెలియనిదాన్ని తెలియదని రాస్తే తప్పెలా అవుతుందో నాకు అర్థం కాలేదు. నేను చదివింది మూడో తరగతి, నాకు అర్థం కాకపోతే వింతేమీ లేదు. అక్కడున్నవాళ్లంతా పేర్ల వెనక బారెడు అక్షరాలు తగిలించుకున్నవాళ్లు. వాళ్లకీ అర్థం కాలేదు. అందుకే ఇది చెబుతున్నాను.

రాసేది మా అబ్బాయి. బస్సు డిపోలో వచ్చే బస్సూ పోయే బస్సూ టైములు రాసే గుమాస్తా వాడు, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. మధ్యమధ్యలో కలం ఆపి "ఇది వద్దులే అమ్మా" అంటున్నాడు. వాడన్న మాట కూడా ఇందులో వస్తుంది, వాడి బాధేమిటో నాకు తెలుసు. రాయరా.

మా కోడలు యూనివర్సిటీలో పనిచేస్తుంది. పాఠాలు చెప్పదు. నేల లోపలి రాళ్ల గురించీ నీళ్ల గురించీ చదివే శాఖ ఒకటుంది. ఆ శాఖలో కంప్యూటర్లన్నీ తనే చూసుకుంటుంది. చూసుకోవడమంటే తుడవడమేమో అని చాలా కాలం అనుకున్నాను. పక్కింటావిడ "మీ కోడలు అక్కడ ఏం చేస్తుంది" అని అడిగితే "ఏదో, మిషన్ల దుమ్ము దులుపుతుందిలే" అన్నాను. ఆ మాట కోడలి చెవిన పడింది. మర్నాడు పొద్దున నా చెప్పులు తెచ్చి నా ముందు పెట్టింది.

"వేసుకోండి అత్తయ్యా."

"ఎక్కడికి?"

"దుమ్ము చూపిస్తాను."

పొడుగాటి వరండా, దాని చివర గది. ఒకప్పుడు అక్కడ మ్యాపులు చుట్టచుట్టి పెట్టేవారట. తలుపుకి రెండు తాళాలు. లోపల అడుగుపెట్టగానే పళ్లు టకటకలాడాయి, అంత చలి. మనిషెత్తు ఇనప బీరువాలు, తలుపుల్లేనివి, వాటి నిండా నల్లటి డబ్బాలు, డబ్బాల నిండా పచ్చటి చుక్కలు మిణుకుమిణుకుమంటూ. వెనక్కి తీసుకెళ్లి వైర్లు చూపించింది. ఎన్ని వైర్లున్నాయో అన్నిటికీ చిన్న కాగితం ముక్క అంటించి ఉంది. ఈ చివర ఏం రాసుందో ఆ చివరా అదే రాసుంది. వాళ్ల నాన్న టెలిఫోన్ లైన్‌మాన్. వైరు ముట్టుకునే ముందు దాని రెండో కొస ఎక్కడుందో తెలుసుకోమని ఆయన కూతురికి చిన్నప్పుడే చెప్పాడట. పెళ్లయ్యాక మా ఇంట్లో స్విచ్చుల మీద కూడా ఈ పిల్ల పేర్లు అంటిస్తుంటే నాకు వింతగా ఉండేది. దాని వెనక సంగతి ఆ రోజు తెలిసింది.

"ఈ శాఖలో యాభైరెండు మంది ఉద్యోగులున్నారు, మూడొందల మంది విద్యార్థులున్నారు," అంది. "వాళ్లు కొలిచిందీ రాసిందీ అంతా ఇందులో ఉంటుంది. ఇది పోతే కాగితాలు పోయినట్టు కాదు అత్తయ్యా, వాళ్ల ఏళ్లు పోయినట్టు."

"పోకుండా నువ్వేం చేస్తావు? తలుపు తాళం వేస్తావా?"

"ఎవరి తాళం వాళ్లకిస్తాను. ఒకరిది ఇంకొకరికి ఇవ్వను. పని అంతే."

శాఖలో అందరూ తనని తాళాలమ్మ అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. తనకి తెలుసు. ప్రింటరులో కాగితం ఇరుక్కున్నా తాళాలమ్మే, పాఠం మధ్యలో తెర వెలగకపోయినా తాళాలమ్మే, ఎవరి ఉత్తరం ఎవరికో పోయినా తాళాలమ్మే. అందరూ కాల్చుకు తింటారు. అందరికీ వెళ్లి చేసి వస్తుంది. విసుక్కోదని కాదు, విసుక్కుంటూనే చేస్తుంది.

పందొమ్మిదేళ్ల క్రితం ఆ శాఖలో టైపిస్టుగా చేరింది. అప్పుడు అక్కడ ఏడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. ఒకటి పాడైతే బాగుచేసేవాడు పదిహేను రోజులకి గానీ వచ్చేవాడు కాదు. ఈవిడ ఊరుకోలేక ఒకరోజు స్క్రూడ్రైవరు తీసుకుని డబ్బా విప్పింది. అప్పటి హెడ్డు మంచివాడో బద్ధకస్తుడో, "మళ్లీ బిగించగలవా" అని అడిగి ఊరుకున్నాడట. బిగించింది. అలా ఒక్కొక్కటీ నేర్చుకుని శాఖ మొత్తం నెత్తిన వేసుకుంది. ఉద్యోగం మాత్రం పర్మనెంటు కాలేదు. ఏటేటా హెడ్డుగారు ఒక లెటరు మీద సంతకం పెడతారు, ఇంకో ఏడాది. అలాంటి లెటర్లు మా బీరువాలో ఒక కవరు నిండా ఉన్నాయి.

ఇప్పుడున్న హెడ్డు మూడేళ్ల క్రితం వచ్చాడు. చదువు కొండంత, కాదనను. రాయి చేతికిస్తే దాని వయసు చెబుతాడట. కానీ కీబోర్డు ముట్టుకోడు. టైపు కొట్టడం గుమాస్తాల పని అని ఆయన నమ్మకం. అందుకని ఆయన పాస్‌వర్డు అటెండరుకి తెలుసు, టైపిస్టుకి తెలుసు, ఆయన దగ్గర పరిశోధన చేసే ఇద్దరు విద్యార్థులకి తెలుసు. ఆయన పేరుతో నలుగురూ లోపలికి వెళతారు, ఆయన ఉత్తరాలు రాస్తారు, ఆయన ఫారాలు నింపుతారు. మా కోడలు గదిలో కూర్చుని చూస్తే, ఆయన ఒకే నిమిషంలో మూడు గదుల్లో పనిచేస్తున్నట్టు కనబడేదట. అసలు మనిషి ఆ నిమిషంలో వరండాలో టీ తాగుతుండేవాడు.

వద్దు సార్ అని ఈవిడ రెండుసార్లు రాసిచ్చింది. "నా దగ్గర దాచుకోవడానికేముందమ్మా," అని నవ్వాడట. పెద్దమనిషితనం అనుకున్నాడు కాబోలు. మా వీధిలో పక్కింటికి తాళంచెవి ఇవ్వడానికి కూడా నాలుగుసార్లు ఆలోచిస్తాం, మేం చదువుకోనివాళ్లం కదా.

ఒక మంగళవారం పదకొండు గంటలకి, ఆ ఇద్దరు పరిశోధక విద్యార్థుల్లో ఒకమ్మాయి వరండా పొడుగునా పరుగెత్తుకొచ్చింది. ఆ పిల్ల నూటనలభై బావుల్లో నీళ్లు నెలనెలా ఎంత లోతుకి దిగాయో మూడేళ్లుగా కొలుస్తోంది. ఎండల్లో తిరిగి, తాడు కట్టి, కొలిచి, రాసి, కంప్యూటరులో ఎక్కిస్తుంది. ఆ మూడేళ్ల కొలతలున్న ఫోల్డరు లేదు. పొద్దున ఉంది, ఇప్పుడు లేదు. ఆ పిల్ల కుర్చీలో కూలబడి ఏడుస్తుంటే మా కోడలు, "కీబోర్డు తడుస్తుంది, ఆ పక్క కుర్చీలో కూర్చుని ఏడువు," అందట.

మా కోడలికి ఒక అలవాటుంది. రోజూ సాయంత్రం శాఖలో ఉన్నదంతా ఇంకో చోట కాపీ తీసి పెడుతుంది. అది అందరూ చేస్తారట. ఈవిడ ప్రతి శుక్రవారం ఆ దాచినదాంట్లోంచి ఏదో ఒక ఫోల్డరు బయటికి తీసి, తెరుచుకుంటుందో లేదో చూస్తుంది. ఇది ఎవరూ చెయ్యరట. పందొమ్మిదేళ్లలో రెండుసార్లు తెరుచుకోలేదు, రెండుసార్లూ అవసరం రాకముందే సరిచేసుకుంది. అందుకని ఆ మంగళవారం కంగారు పడలేదు. సోమవారం సాయంత్రం తీసిన కాపీ ఉంది, మధ్యాహ్నం రెండింటికల్లా మూడేళ్ల బావులూ వెనక్కి వచ్చాయి. మంగళవారం పొద్దున ఎక్కించిన అరపేజీ రాలేదు, అది ఆ పిల్ల నోటుబుక్కులో ఉంది.

అక్కడితో అయిపోవాలి. అవలేదు. ఏదైనా ఇలా పోయి దొరికితే, పైఆఫీసుకి ఒక ఫారం నింపి పంపాలి. ఏం పోయింది, ఎప్పుడు పోయింది, ఎలా దొరికింది, ఏ లాగిన్ నుంచి చెరిగింది, ఏ కంప్యూటరు నుంచి చెరిగింది. చివర్న ఒక గడి, బాధ్యులు అని. మా కోడలు యంత్రం చూపించింది చూపించినట్టు రాసింది. పది గంటల నలభైరెండు నిమిషాలకి, హెడ్డుగారి లాగిన్ నుంచి, ఆయన గది బయటి బల్ల మీదున్న కంప్యూటరులో. బాధ్యుల గడిలో 'తెలియదు' అని రాసి, ఈ పాస్‌వర్డు కనీసం నలుగురి దగ్గర ఉంది అని కింద చేర్చింది.

హెడ్డుగారు పిలిపించాడు.

"ఏమిటమ్మా ఇది? ఆ టైముకి నేను ఆడిటోరియంలో వేదిక మీద ఉన్నాను. రెండొందల మంది చూశారు."

"మీరు చెరిపారని రాయలేదు సార్."

"నా పేరుంది కదా."

"మీ లాగిన్ పేరుంది."

"రెండూ ఒకటే కదమ్మా లోకానికి." కాసేపు ఆ కాగితం అటూ ఇటూ తిప్పాడట. "ఆ ఫోల్డరు ఎవరిది? ఆ అమ్మాయిది. నా పాస్‌వర్డు ఆ అమ్మాయి దగ్గరా ఉంది. ఏదో సర్దుకుంటూ తనే చెరిపేసుకుని ఉంటుంది. ఆ గడిలో ఆ అమ్మాయి పేరు రాసెయ్, గొడవ ఉండదు."

"నేను చూడలేదు సార్."

"ఊహించలేవా?"

"ఆ గడి మీద ఊహించమని లేదు సార్. బాధ్యులు అని ఉంది."

ఆయన కోప్పడలేదట. అదే నాకు మంట. నవ్వుతూ, "నీ లెటరు ఈ నెలాఖరుకి కదూ," అన్నాడట.

ఆ గడిలో పేరు పడితే ఏమవుతుందో కూడా చెప్పాలి. విచారణ తేలేదాకా ఆ విద్యార్థికి ల్యాబు తలుపు మూస్తారు, కంప్యూటరు ఆపేస్తారు. తేలేసరికి ఏడాది పడుతుంది. ఆ పిల్లకి పరిశోధన పూర్తి చెయ్యడానికి మిగిలిన గడువు ఆరు నెలలు. అంటే ఒక్క పేరు రాస్తే మూడేళ్ల ఎండా, నూటనలభై బావులూ మట్టిలో కలిసినట్టే. రాయకపోతే మా కోడలి పందొమ్మిదేళ్లు పోతాయి.

ఇంటికొచ్చి, కూరగాయలు తరుగుతూ ఇదంతా చెప్పింది. మా అబ్బాయి డిపో చొక్కా విప్పకుండానే కుర్చీలో కూర్చుని విన్నాడు. విని, రాయరా, నువ్వు అన్నదే రాయి, "ఒక్క మాటే కదా, మార్చెయ్యకూడదా," అన్నాడు. "సూటిగా రాయొద్దు. 'బహుశా' అని పెట్టి రాయి. రేపెవరైనా అడిగితే బహుశా అన్నాను కదా అనొచ్చు."

కోడలు కత్తి ఆపింది.

"బహుశా మీరే చెరిపారని రాయనా?"

"నేనెందుకు చెరుపుతాను? నేనక్కడ లేనే లేను."

"లేరని నేను చూశానా?"

నేను నవ్వాపుకోలేకపోయాను. వాడు చెడ్డవాడు కాదు. ఇంటి గురించే అన్నాడు. జీతం రాని నెల ఎలా ఉంటుందో చిన్నప్పుడు చూసినవాడు. ఆ భయం నాకూ లేకపోలేదు, పైకి అనలేదంతే.

"నిజంగా ఆ పిల్లే చేసి ఉండొచ్చుగా?" అని నేనడిగాను.

"ఉండొచ్చు అత్తయ్యా. అటెండరు చేసి ఉండొచ్చు, టైపిస్టు చేసి ఉండొచ్చు, ఆ రెండో విద్యార్థి చేసి ఉండొచ్చు. నాకు తెలియదు."

"ఆ పిల్లంటే నీకు ఇష్టమా ఏమిటి?"

"అస్సలు లేదు. కంప్యూటరు ముందు కూర్చుని తింటుంది. ఎన్నిసార్లు చెప్పినా కీబోర్డు నిండా బిస్కెట్ పొడి." మళ్లీ తరగడం మొదలుపెట్టింది. "ఆ ఫారంలో మిగతావన్నీ యంత్రం చూపించింది రాశాను. ఈ ఒక్క గడిలో ఆయన చూపించిన పేరు రాస్తే, రేపటి నుంచి నేనేం రాసినా, ఇది నీకెవరు చూపించారని అడుగుతారు. అప్పుడు నేనుండి ఏం లాభం?"

మా అబ్బాయి లేచి చొక్కా మార్చుకోవడానికి వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి శాఖ మొహం మారిపోయింది. టైపిస్టు పలకరించడం మానేసింది. గది రెండో తాళంచెవి ఆఫీసులో ఇమ్మని చీటీ వచ్చింది. "ఎందుకో రాసి, తీసుకున్నట్టు సంతకం పెట్టి తీసుకెళ్లండి," అని ఈవిడ తిరుగు చీటీ పంపింది. ఎవరూ రాలేదు. సీనియర్ మేష్టారు ఒకాయన వరండాలో ఆపి, "సర్దుకుపోవాలమ్మా, నీకూ సంసారం ఉంది," అన్నాడట. "సంసారం ఉంది కాబట్టే సార్, అబద్ధం రాసిన కాగితం ఇంటికి తీసుకెళ్లలేను," అందట. ఆయన క్లాసుకి టైమైందని వెళ్లిపోయాడు.

అన్నిటికన్నా కష్టమైన రోజు అటెండరు వచ్చిన రోజు. పెద్దవాడు, రిటైరవడానికి రెండేళ్లుంది. తలుపు దగ్గర నిలబడి లోపలికి రాలేదు.

"అమ్మా, ఆ పిల్ల పేరు రాసెయ్యండమ్మా."

"నువ్వు కూడానా అన్నా?"

"ఆ పిల్ల పేరు రాయకపోతే తరవాత నా పేరే కదా. ఆ బల్ల దగ్గర కూర్చునేది నేనే. నేను చెరపలేదమ్మా. చెరపడమెలాగో కూడా నాకు రాదు. పేరూ పాస్‌వర్డూ కొట్టి, ఉత్తరం తెరిచి, ప్రింటు తీస్తాను. అంతే."

"నీ పేరూ రాయను."

"పైవాళ్లు అడిగితే?"

"పైవాళ్లు అడిగినా నాకు తెలిసిందే చెబుతాను. నాకు తెలియనిదాని కింద ఎవరి పేరూ పడదు. నువ్వెళ్లి టీ తాగు."

వాడు వెళ్లాడు గానీ, ఈవిడకి ఆ రోజంతా అన్నం సహించలేదు. ఆ పిల్లని కాపాడితే ఈ ముసలాడి మీదికి వస్తుందని తనకి తెలియదా. అయినా కాగితం మార్చలేదు.

ఫారం అలాగే పైఆఫీసుకి వెళ్లింది, నెల మూడోవారంలో విచారణ పెట్టారు. ముగ్గురు కూర్చున్నారు. పెద్ద కుర్చీలో లైబ్రరీ చూసుకునే పెద్దావిడ, అటూ ఇటూ వేరే శాఖల మేష్టార్లు ఇద్దరు. మా కోడల్నీ, హెడ్డునీ, ఆ పిల్లనీ పిలిచారు. అటెండరు తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. అక్కడ జరిగింది కోడలు కొంత చెప్పింది, తను మింగేసిన ముక్కలు అటెండరు తరవాత మా ఇంటికొచ్చి చెప్పాడు.

లైబ్రరీ ఆవిడ ఫారం చదివి, "ఎవరు చెరిపారో మీకు నిజంగా తెలియదా," అని అడిగింది.

"తెలియదు మేడం."

హెడ్డుగారు కుర్చీలో ముందుకి వంగాడు. "అదే నా బాధ కూడా మేడం. పందొమ్మిదేళ్లుగా కంప్యూటర్లు చూస్తున్న మనిషి తెలియదు అంటోంది. తెలుసుకోవడానికే కదా ఈవిణ్ణి పెట్టుకున్నది? తెలియనప్పుడు ఈవిడ ఉండటం దేనికి?"

మా కోడలు లేచి నిలబడింది. కూర్చుని మాట్లాడమన్నారు, కూర్చోలేదు. "తెలుసుకునే దారి ఉంది సార్. ఒక లాగిన్ ఒక మనిషి దగ్గరే ఉంటే, ఏం జరిగినా ఎవరు చేశారో నేను నిమిషంలో చెబుతాను. ఆ దారి మూసింది మీరు. మూయొద్దని రెండుసార్లు రాశాను. ఇవిగో కాపీలు. మీకు తెలియజేశాక కూడా నాకు తెలియకుండా చేశారు. ఇప్పుడు తెలియదని రాస్తే తప్పంటున్నారు."

లైబ్రరీ ఆవిడ ఆ రెండు కాగితాలూ మెల్లగా చదివింది. "దీనికేముంది," అంది, "ఆ పాస్‌వర్డు ఇప్పుడే మార్చేద్దాం. ఇక్కడ కంప్యూటరుంది. ఒక నిమిషం పని. మీరే మార్చండి హెడ్డుగారూ."

ఆమెకి వేరే ఉద్దేశం ఏమీ లేదు. పని అయిపోతుందని అంది, అంతే.

ఆయన వెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. కొత్తది పెట్టాలంటే ముందు పాతది కొట్టాలి. వేళ్లు కీబోర్డు మీద పెట్టాడు. తీశాడు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టాడు.

"అటెండర్ని పిలవండి," అన్నాడు.

అటెండరు లోపలికొచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"పాస్‌వర్డు ఏమిటయ్యా?"

వాడు అందరి మొహాలూ చూశాడు. "పాతది చెప్పమంటారా సార్? మొన్న టైపిస్టమ్మ కొత్తది పెట్టారు. నాకు ఇంకా చెప్పలేదు. రోజూ ఆవిడే వచ్చి కొట్టి వెళుతున్నారు."

"ఆవిడెక్కడ?"

"సెలవు సార్."

ఫోన్ చేశారు. ఎత్తలేదు. మళ్లీ చేశారు. ఒక మేష్టారు కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. రెండో ఆయనకి దగ్గొచ్చింది, ఎంతకీ తగ్గలేదు. అటెండరు ఈ ముక్క చెబుతూ మా గడప మీద కూర్చుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. తన పెట్టె తను తెరవలేని మనిషి, ఎవరు తెరిచారో చెప్పలేదని మా కోడల్ని తీసెయ్యమంటున్నాడు.

లైబ్రరీ ఆవిడ నవ్వలేదు. ఫారం తనవైపు లాక్కుని, "బాధ్యుల గడిలో రాసింది సరిగ్గానే ఉంది. ఇంతకంటే ఎవరికీ తెలియదు," అని సంతకం పెట్టింది. శాఖలో ప్రతి మనిషికీ విడిగా పాస్‌వర్డు ఉండాలి, పెట్టించే బాధ్యత మా కోడలిది, పెట్టుకోనివాళ్ల లాగిన్ మూసెయ్యొచ్చు, అని కింద రాసింది. ఆ పిల్ల బావుల దగ్గరికి మళ్లీ వెళ్లింది. అటెండరు స్టూలు మీదికి మళ్లీ వెళ్లాడు.

హెడ్డు కూడా తన కుర్చీలోకి వెళ్లాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. నెలాఖరున మా కోడలికి లెటరు వచ్చింది. ఏటా ఏడాదికి రాసేవాళ్లు, ఈసారి మూడు నెలలకే. పనితీరు పరిశీలన నిమిత్తం, అని కారణం.

మా అబ్బాయి ఆ లెటరు రెండుసార్లు చదివాడు. "పోనీలే, మూడు నెలలన్నా ఇచ్చారు," అన్నాడు.

"ఇవ్వలేదురా, కోశారు," అన్నాను నేను.

కోడలు అందినట్టు సంతకం పెట్టే చోట సంతకం పెట్టి, పక్కనే ఇలా రాసిందట: పందొమ్మిదేళ్ల పనిలో ఇంకా పరిశీలించనిది ఏముందో రాసి ఇవ్వండి. జవాబు ఇప్పటిదాకా రాలేదు. అడగడం మానలేదు, వారానికోసారి అదే అడుగుతూ ఒక కాగితం పంపుతోంది.

"మూడు నెలలే కదా, ఇంక ఒళ్లు హూనం చేసుకోవడం దేనికి? కూర్చుని కాలక్షేపం చెయ్," అని నేనే అన్నాను. కోపంలో అన్నాను.

"మూడు నెలల పని ఉంది అత్తయ్యా," అంది.

గది తలుపు మీద ఒక జాబితా అంటించింది. యాభైరెండు పేర్లు, ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు. పెద్దవాళ్లూ చిన్నవాళ్లూ అని లేదు, అక్షరాల వరసలో. ఒక్కొక్కరూ లోపలికి రావాలి, కుర్చీలో కూర్చోవాలి, తమ పాస్‌వర్డు తామే ఆలోచించుకుని తామే కొట్టాలి. కొడుతున్నంతసేపూ ఈవిడ గోడవైపు తిరిగి నిలబడుతుంది. ఆ సర్దుకుపొమ్మన్న మేష్టారు ఒక్కో అక్షరం పైకి చదువుతూ కొట్టాడట. "మళ్లీ మొదటి నుంచి సార్, ఈసారి నోరు మూసుకుని," అందట గోడవైపు తిరిగే. టైపిస్టు వచ్చినప్పుడు ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు, కానీ తన పాస్‌వర్డు తను పెట్టుకుని వెళ్లింది. అటెండరు మూడుసార్లు మర్చిపోయి నాలుగోసారికి నేర్చుకున్నాడు. ఇప్పుడు ఎవరడిగినా, "అది నాకు తప్ప ఎవరికీ చెప్పకూడదండి," అని గుండె విరుచుకుని చెబుతున్నాడు.

నాలుగో వారానికి ఒక్క పేరు మిగిలింది. హెడ్డుగారు తన వంతు రోజున రాలేదు. తన గదికే రమ్మని కబురు పంపాడు. కంప్యూటరు ఇక్కడ ఉంది సార్ అని ఈవిడ కబురు పంపింది. మళ్లీ రాలేదు. గురువారం పన్నెండింటికి లాగిన్ మూస్తానని కాగితం పంపింది, దాని కాపీ లైబ్రరీ ఆవిడకీ పంపింది.

"వచ్చే లెటరు మీద సంతకం పెట్టాల్సింది ఆయనే," అని మా అబ్బాయి గుర్తుచేశాడు.

"తెలుసు," అంది.

"కాస్త మెత్తగా పోకూడదా?"

"మెత్తగానే రాశాను. దయచేసి అని మొదలుపెట్టాను."

గురువారం పదకొండున్నరకి ఆయన వచ్చాడు. వెంట అటెండరు, పాస్‌వర్డు కొట్టడానికి. మా కోడలు అటెండర్ని బయట కూర్చోమంది. ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఈవిడ గోడవైపు తిరిగింది. ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్న చప్పుడు వినబడుతూనే ఉందట. ఒకసారి తప్పు పడింది, మళ్లీ. రెండోసారి తప్పు పడింది, మళ్లీ. ఈవిడ తొందరపెట్టలేదు, వెనక్కి తిరగలేదు. పాస్‌వర్డు మర్చిపోయి మళ్లీ వచ్చేవాళ్లకి తలుపు తెరిచే ఉంటుంది, అలాంటివాళ్లు వరండాలో ఇద్దరు ముగ్గురు పోగయ్యారు. పదిహేను నిమిషాలు దాటి అరగంటైంది. పన్నెండింటికి ఐదు నిమిషాలుండగా "అయింది," అన్నాడు.

లేచి, కోటు సర్దుకుని, గుమ్మం దగ్గర ఆగాడు.

"నీకింకా ఎనిమిది వారాలే ఉన్నాయి, గుర్తుందా?"

"గుర్తుంది సార్. మూడొందల మంది విద్యార్థులున్నారు, రోజుకి ఎనిమిది మంది చొప్పున సరిపోతుంది," అంది మా కోడలు, తన రిజిస్టరులో ఆయన పేరు ఎదురుగా టిక్కు పెడుతూ. "బయట ఉన్నవాళ్లలో తరవాతి వాళ్లని లోపలికి రమ్మనండి, వెళుతూ వెళుతూ."

రమ్మన్నాడట.